ఫ్లాస్కులో ఆగిన వేడి రియాక్టర్‌లో ఆగదు

పాశమైలారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో నలభై మందికి పైగా పోయారు. అది స్కేలప్ (ల్యాబ్‌లో చేసినదాన్ని ప్లాంటులో పెద్ద సైజులో చేయడం) గొడవ కాదు. కానీ అప్పట్నుంచి కొత్త ప్రాడక్టు ప్లాంటుకు ఎక్కించే ప్రతిసారీ షిఫ్ట్ కుర్రాళ్లు ఫోన్ చేసి, ఏం చూసుకోవాలి సార్ అంటున్నారు. హెల్మెట్లు, గాగుల్స్ గురించి నేను చెప్పక్కర్లేదు.

నేను పదే పదే చూసిన తప్పు ఒకటుంది. ల్యాబ్ షీటులో ఉన్న అడిషన్ టైమును (సరుకు పోయడానికి పట్టే సమయం) యథాతథంగా బీఎంఆర్‌లోకి, అంటే ప్లాంటు బ్యాచ్ రికార్డులోకి, దించేస్తారు. 1 లీటరు ఫ్లాస్కు నుంచి 1,000 లీటర్ల రియాక్టరుకు వెళ్తే పుట్టే వేడి వెయ్యి రెట్లు, దాన్ని లాగే గోడ మాత్రం సుమారు వంద రెట్లే. ఐసు గిన్నెలో పెట్టి అరగంటలో పోసిన సరుకును ఇక్కడా అరగంటలో పోస్తే రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో బ్రైన్ (చల్లటి ఉప్పునీరు) ఎంత తిరిగినా చాలదు. అడిషన్ టైము జాకెట్ లాగగలిగే వేడిని బట్టి లెక్కకట్టాలి, ల్యాబ్ నోటుబుక్కును బట్టి కాదు.

అమెరికాలోని జాక్సన్‌విల్‌లో టీ2 ల్యాబొరేటరీస్ వాళ్లు 1 లీటరులో పరీక్షించి నేరుగా 2,450 గ్యాలన్ల రియాక్టరుకు వెళ్లారు. 42వ బ్యాచ్ దగ్గర సైజు మూడో వంతు పెంచారు. 2007 డిసెంబరు 19న, 175వ బ్యాచ్‌లో, కూలింగ్ పనిచేయలేదు, రియాక్టర్ పేలిపోయింది. నలుగురు చనిపోయారు, అందులో కంపెనీ యజమానుల్లో ఒకరు. 174 సార్లు దిగిన బ్యాచ్ అది!

గ్రిగ్నార్డ్ (మెగ్నీషియంతో చేసే, ఆలస్యంగా మొదలై ఒక్కసారిగా వేడెక్కే రియాక్షన్) చేసేవాళ్లు ఇంకా జాగ్రత్త. ఓ రాత్రి షిఫ్ట్‌లో టెంపరేచర్ లేవట్లేదని కెమిస్టు వాల్వు ఇంకాస్త తిప్పాడు. రియాక్షన్ మొదలే కాలేదు, పోసిందంతా లోపల పేరుకుంటోంది. మొదలయ్యాక సాల్వెంట్ కండెన్సర్ దాటి వెంట్‌లోంచి చిమ్మింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదృష్టం.

టెంపరేచర్ లేవకపోతే వాల్వు మూయండి. తెరవకండి.
డీఎస్‌సీ, ఆర్‌సీ1 (సరుకు, రియాక్షన్ ఎంత వేడి పుట్టిస్తాయో కొలిచే పరీక్షలు) రిపోర్టులు రాకుండా బ్యాచ్ పెట్టకండి.
కరెంటు పోతే బ్రైన్ పంపు, స్టిర్రర్ (సరుకును కలిపే యంత్రం) రెండూ జనరేటర్ మీద నడుస్తాయా? నడిపించి చూడండి.
స్టిర్రర్ ఆగితే డోసింగ్ (సరుకు పోయడం) తనంతట తానే ఆగాలి.
ఆగిన స్టిర్రర్‌ను ఆదరాబాదరాగా ఆన్ చేయకండి, విడిగా పేరుకున్నదంతా ఒక్కసారిగా కలుస్తుంది.
అరలోడు రియాక్టర్ అయితే జాకెట్ సగమే పనిచేస్తుంది, లెక్కలో వేసుకోండి.
వాల్వు మూయండి అన్నానా? మళ్లీ చెప్తున్నా, మూయండి.
షిఫ్ట్ మారేటప్పుడు అడిషన్ మొదలుపెట్టకండి.
రప్చర్ డిస్క్ (ప్రెషర్ పెరిగితే పగిలి బయటికి వదిలే రేకు) పైపు చివర ఎటు తిరిగుందో ఇవాళే మేడెక్కి చూడండి.