చెన్నై నుంచి కొల్లిడం దాకా కారులో: మొసళ్లున్న దారిలో ఎలా వెళ్లాలి

చెన్నైలో ఉండే మనవాళ్లలో చాలామందికి ఈసీఆర్ (తీరం వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్) అంటే మహాబలిపురం, పాండిచ్చేరి, మళ్లీ ఇల్లు. అక్కడితో ఆగకుండా తీరం వెంట ఇంకో అరవై డెబ్బై కిలోమీటర్లు కిందికి వెళ్తే చిదంబరం, అది దాటితే కొల్లిడం నది వస్తాయి. ఆ నదిలో మొసళ్లున్నాయి, కంచె లేదు, టికెట్ లేదు. రెండు రోజులు పెట్టుకుంటే ట్రిప్ హాయిగా అయిపోతుంది, కానీ వరస మాత్రం మార్చకండి: ముందు కంచె వెనకున్న మొసలిని తీరిగ్గా చూసి కంటికి అలవాటు చేసుకోవాలి, ఆ తర్వాతే నది దగ్గరికి పోవాలి. అలవాటు లేని కంటికి నదిలో మొసలి కనపడదు, అక్కడ అసలు ప్రమాదం అదే.

జనవరి నుంచి మార్చి వరకు మంచి కాలం. పొద్దున్న చలికి మొసళ్లు ఎండ కాచుకోవడానికి గట్టెక్కుతాయి కాబట్టి సులువుగా కనిపిస్తాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వద్దు. తుపాన్ల సంగతి అటుంచితే, నది పొంగినప్పుడు మొసళ్లు కాలువలు పట్టుకుని ఊరి చెరువుల్లోకి కూడా వచ్చేస్తాయి, ఏ నీళ్లలో ఏముందో అక్కడివాళ్లే చెప్పలేరు.

తిరువాన్మియూరు నుంచి తెల్లవారుజామునే బయల్దేరితే ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. దారిలో కోవళంలో టిఫిన్ చేసి, తెరిచే వేళకి వడనెమ్మేలిలోని మొసళ్ల బ్యాంకుకి చేరుకోండి. వారంలో ఒకరోజు సెలవుంటుంది, ఏ రోజో ముందే చూసుకోండి. 1976లో రోములస్ విటేకర్, జై విటేకర్ మొదలుపెట్టిన చోటు ఇది. అప్పటికి మన దేశంలో మొసళ్లని తోలు కోసం వేటాడి దాదాపు లేకుండా చేశారు, వాటిని పెంచి జాతిని నిలబెట్టాలన్నదే వాళ్ల ఉద్దేశం. పిల్లలుంటే పాముల విషం తీసే ఇరుళ గిరిజనుల సహకార సంఘం దగ్గరికి కూడా తీసుకెళ్లండి, అడవినే చదువుకున్న మనుషుల పనితనం అది.

ఇక్కడ కనీసం రెండు గంటలు ఉండండి. కొల్లిడంలో ఉండేవి మగ్గర్లు, అంటే మంచినీటి మొసళ్లు, కాబట్టి ముందు వాటి గుంట దగ్గరే నిలబడండి. గట్టు మీద నోరు తెరుచుకుని పడుకుందంటే బెదిరిస్తోందని కాదు, ఒంటి వేడి తగ్గించుకుంటోంది. నీళ్లలో ఉన్నదాన్ని చూడండి: రెండు కళ్లు, ముక్కు కొస, అంతే పైకి తేలతాయి, మిగతా ఒళ్లంతా కిందే. ఇక్కడి మగ్గర్లు కొంగలు గూళ్లు కట్టే కాలంలో మూతి మీద పుల్లలు పెట్టుకుని కదలకుండా ఉంటాయని, పుల్ల కోసం వచ్చిన కొంగని పట్టేస్తాయని 2013లో పరిశోధకులు రాశారు. అంత ఓపికగా కాచుకునే జంతువు నీళ్లలో ఉందని గుర్తుంటే చాలు, నది ఒడ్డున మీ నడకే మారిపోతుంది. కదలడం లేదని రాళ్లు విసిరేవాళ్లు కొందరుంటారు, మీ పిల్లల్ని ఆ పని చేయనివ్వకండి.

తర్వాత మరక్కాణం ఉప్పు మడులు చూసుకుంటూ పాండిచ్చేరి, కడలూరు మీదుగా సాయంత్రానికి చిదంబరం చేరండి. నటరాజ స్వామి గుడి మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం దర్శనం కుదురుతుంది. రాత్రి బస అక్కడే. మర్నాడు పొద్దున్నే పిచ్చావరం మడ అడవుల్లో పడవెక్కి, ఎండ ముదరకముందే కొల్లిడం వైపు తిప్పండి.

ఇక అసలు సంగతి. కరకట్ట మీది రోడ్లు సన్నగా ఉంటాయి, ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి తీయాల్సిందే, కాబట్టి వెడల్పున్న చోటు చూసుకుని కారు కట్ట మీదే ఆపండి. ఫోటో కోసం ఇసుకలోకి దింపొద్దు. చక్రం కూరుకుపోతే దాని కింద రాళ్లు పెట్టడానికి నీటి అంచున వంగి కూర్చోవాల్సి వస్తుంది, మొసలికి అంతకన్నా సులువైన వేట లేదు. దిగేముందు అక్కడున్న వాళ్లని "ఇంగె ముదలై ఇరుక్కా?" (ఇక్కడ మొసలి ఉందా?) అని తమిళంలో అడగండి. ఉందంటే నమ్మండి, లేదన్నా నీళ్లకి ఓ పది మీటర్ల దూరంలోనే ఉండండి. చేతులు కడుక్కోవడం, కాళ్లు తడుపుకోవడం, సీసా నింపుకోవడం ఏదీ వద్దు, నీళ్లు కారులోనే తెచ్చుకోండి. చీకటి పడ్డాక ఒడ్డుకే వెళ్లొద్దు. ఫిబ్రవరి నుంచి అవి ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెడతాయి, తల్లి ఆ చుట్టుపక్కలే కాపలా ఉంటుంది, కాబట్టి ఇసుక తిన్నెల మీద తిరగకండి. బైనాక్యులర్ ఒకటి ఉంటే కట్ట మీంచే అన్నీ కనిపిస్తాయి. మాంసం ముక్కలు విసిరి దగ్గరికి రప్పించాలని చూడొద్దు. మనిషి కనిపిస్తే తిండి దొరుకుతుందని మొసలికి తెలిసిందా, మీరు వెళ్లిపోయాక రేపు పొద్దున అదే రేవులో బట్టలుతికే ఆవిడ మీదికి వస్తుంది. చిదంబరం చుట్టుపక్కల ఊళ్లలో మనుషుల్ని, మేకల్ని మొసళ్లు పట్టుకున్న సంఘటనలు నిజంగానే జరిగాయి. ఊళ్లోకి వచ్చినవాటిని అటవీశాఖ పట్టి వక్కరమారి చెరువులో వదులుతుంది. అందుకే అక్కడివాళ్లతో దీన్ని సరదా విషయంగా మాట్లాడకండి.

ఒకవేళ కరిస్తే గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి. గాయం చిన్నదైనా ఆసుపత్రికి వెళ్లాలి, మొసలి కాటు విపరీతంగా చీము పడుతుంది. చిదంబరంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

తిరుగు ప్రయాణానికి ముందు అణైక్కరై దాకా వెళ్లిరండి, చిదంబరం నుంచి గంటన్నర లోపే. అక్కడ కొల్లిడానికి అడ్డంగా ఉన్న ఆనకట్ట మన కాటన్ దొర కట్టించిందే, ధవళేశ్వరం కన్నా ముందు, 1836 ప్రాంతంలో. అక్కణ్నుంచి వడవారు కాలువలో వెళ్లే నీళ్లే వీరాణం చెరువు నింపుతాయి, ఆ వీరాణం నీళ్లే చెన్నైలో మన కుళాయిల్లోకి వస్తాయి. సేత్తియాతోపు, వడలూరు, పణ్రుట్టి మీదుగా విక్రవాండి వెళ్లి హైవే ఎక్కండి. పణ్రుట్టిలో జీడిపప్పు కొనుక్కోండి, సీజన్‌లో వెళ్తే పనసపండు కూడా. ఆదివారమైతే చీకటి పడేలోపు చెన్నై శివారు పెరుంగళత్తూరు దాటేట్టు బయల్దేరండి, తర్వాత అక్కడ బండి కదలదు.