గోడకెక్కే వన్యప్రాణి ఫొటో – పాఠం 4: జిరాఫీ, చుట్టూ ఖాళీ

ఇనుప జాలి ఫొటోలో పడకుండా తీయడం గత పాఠంలో అయిపోయింది. ఈసారి జాలి బెడద తక్కువ. జిరాఫీ తల జాలికీ గోడకీ పైనే ఉంటుంది కాబట్టి అసలు పేచీ ఆకాశంతోనే.

హాల్లో పెట్టడానికి చాలామంది ముందు పులినే అడుగుతారు. మా లెక్కలో రోజూ కళ్లెదుట ఉండే గోడకి పులికన్నా జిరాఫీ మేలు. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. అందుకే మీ వైపే చూస్తున్నా నిలదీస్తున్నట్టుండదు. ఒంటి మీది మచ్చలు, పొడవాటి మెడగీత, పైన చిన్న తల, అంతే. ఫొటోలో ఏమీ జరగక్కర్లేదు. అయితే ఆ నెమ్మది చుట్టూ వదిలిన ఖాళీ వల్లే వస్తుంది. ఫ్రేము నిండా ముఖం బిగించారా, మిగిలేది ముక్కుపుటాలు, పెదాలే.

సాధనకి విశాఖలో ఎండాడ, మధురవాడ మధ్యనున్న ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల చాలు. సోమవారం సెలవు. జిరాఫీ ఉందా, ఆ పూట బయటికి వదిలారా అన్నది టికెట్ కౌంటర్లోనే కనుక్కోండి. అక్కడ లేకపోతే ఈ పాఠం ఒంటె మీద సాధన చేయొచ్చు, కొలతలు కొంచెం తగ్గించుకుంటే సరి.

ఎక్కడ నిలబడాలి

ఎదిగిన మగ జిరాఫీ 5.5 మీటర్ల దాకా ఉంటుంది. కన్ను 4.5 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. మీరు గొంతుక్కూర్చుంటే లెన్సు మీటరు ఎత్తున ఉంటుంది. 10 మీటర్ల దూరం నుంచి తీస్తే కెమెరాను 19 డిగ్రీలు పైకి ఎత్తాలి. గడ్డం కింది భాగం పెద్దదై, నుదురు చిక్కిపోతుంది. అదే 30 మీటర్ల దూరానికి వెనక్కి వెళ్తే 7 డిగ్రీలు చాలు, ముఖం ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కూర్చునే తీయడం మాత్రం మానొద్దు. అప్పుడే వెనకాల షెడ్డు రేకులు, కరెంటు స్తంభాలు కిందికి దిగిపోయి మెడ వెనక ఆకాశం ఒక్కటే మిగులుతుంది.

ఆ దూరానికి పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అయితే 300 ఎంఎం, అంతకన్నా చిన్న సెన్సరుండే ఏపీఎస్-సీ అయితే 200 ఎంఎం. కెమెరా నిలువుగా పడితే రమారమి మూడున్నర మీటర్ల ఎత్తు ఫ్రేములోకి వస్తుంది. తల, మెడ కలిపి అందులో మూడింట రెండొంతులు ఆక్రమిస్తాయి. మిగతాది వదిలెయ్యండి. ఎటు చూస్తోందో అటువైపు ఎక్కువ జాగా ఉండాలి.

మెడను మధ్యలో కోయకండి. అడ్డంగా తెగిన మెడ పాతిన గుంజలా కనిపిస్తుంది. మెడ వెడల్పై భుజంలోకి వాలే ఆ ఒంపు అడుగున కాస్తయినా కనబడాలి.

ఎప్పుడు నొక్కాలి

తొందరపడేవాళ్లకి దవడ పక్కకి ఒరిగిన ఫొటోలే దక్కుతాయి. నెమరు వేసేటప్పుడు కింది దవడ అడ్డంగా కదులుతుంది, ముఖం వంకర పోతుంది. మెడను గమనించండి. నమిలినది మింగగానే దవడ ఆగుతుంది. కొన్ని సెకన్లకి చర్మం కింద ఒక ఉబ్బు కిందినుంచి పైకి పాకుతూ గొంతు దాకా వస్తుంది. అది నోట్లోకి చేరగానే మళ్లీ నమలడం మొదలు. మింగడానికీ ఆ ఉబ్బు పైకి చేరడానికీ నడుమ నోరు మూసే ఉంటుంది, చెవులు తరచూ నిశ్చలంగా ఉంటాయి. నొక్కాల్సింది అప్పుడే. షటర్ 1/500, అపర్చర్ ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8, ఐఎస్‌ఓ ఆటో. ఈగలకి చెవులు ఆడిస్తుంటే 1/1000కి వెళ్లండి. ఫోకస్ మీకు దగ్గరి కంటి మీద. రెప్పవెంట్రుకలు విడివిడిగా కనబడితే సరిగ్గా కుదిరినట్టు.

తెల్లటి ఆకాశం

విశాఖలో గాలి తేమకి ఆకాశం చాలా రోజులు నీలంగా కాక పాలిపోయి ఉంటుంది. దాంతో పోట్లాడకుండా వాడుకోండి. కెమెరా ఆ తెలుపుకి బెదిరి జంతువును నల్లబరుస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ +1 నుంచి +1.3 పెంచండి. ఇక్కడే ఒక చిక్కు. ఆకాశం పూర్తిగా 255కి (0 అంటే నలుపు, 255 అంటే పూర్తి తెలుపు) కొట్టుకుపోతే ప్రింటులో అక్కడ ఇంకు పడదు, వట్టి కాగితం మిగులుతుంది. ఫ్రేములో ఫొటో చుట్టూ తెల్ల మౌంటు అట్ట పెడితే ఫొటో అంచు ఎక్కడో తెలియదు. ఎడిటింగులో ఆకాశాన్ని 245–250 మధ్య నిలపండి. మచ్చలకి నారింజ రంగు ఎక్కితే ఆ ఒక్క రంగు గాఢతే తగ్గించండి. అంచుల్ని గట్టిపరిచే క్లారిటీ స్లైడర్ జోలికి పోకపోవడం మంచిది, మెడ అంచున తెల్లటి చార వస్తుంది.

కొలత, గోడ

జిరాఫీకి 12×36 అంగుళాల నిలువు పట్టీ బాగా నప్పుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 1:3కి కత్తిరిస్తే 2000×6000 పిక్సెళ్లు మిగులుతాయి, అంటే అంగుళానికి 167. ఐదారు అడుగుల దూరం నుంచి చూసే గోడకి అది చాలు. కాన్వాస్ చుట్టించేటట్టయితే ఒకటిన్నర అంగుళాల చట్రానికి నాలుగు వైపులా రెండేసి అంగుళాలు అదనంగా కావాలి, ఫైలు 16×40 అవుతుంది. కొమ్ము అంచుకి దగ్గరగా ఉంటే మడతలో పోతుంది. ఈ సంగతి షాపువాళ్లు చెబుతారని ఎదురుచూడకండి.

లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ లాంటి సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలి మామూలు ఇనుప మేకుల్ని, వేలాడదీసే తీగని తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడగండి. వానలకి చెమ్మ దిగే బయటి గోడ వద్దు, లోపలి గోడ ఎంచుకోండి. ఫ్రేము వెనక నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు అంటిస్తే గాలి ఆడుతుంది, బూజు ఆలస్యమవుతుంది. ఫ్రేము వెనక పెట్టే ఎండీఎఫ్ (చెక్కపీచుతో ఒత్తి చేసిన) అట్ట చెమ్మకి ఉబ్బుతుంది. తూర్పు కిటికీ ఎండ నేరుగా పడే చోట రంగులు వెలిసిపోతాయి. జిరాఫీ కన్ను నేల నుంచి 60 అంగుళాల దగ్గర ఉండేలా తగిలించండి.

ఈ వారం అభ్యాసం

ఒకే చోట కూర్చుని ఒకే ఫ్రేమును 0, +0.7, +1.3 ఎక్స్‌పోజర్లతో తీయండి. మూడింటినీ 4×6 ప్రింట్లు వేయించి, పగటి వెలుగులో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత పాత న్యూస్‌పేపర్లు 12×36కి కత్తిరించి, అనుకున్న గోడకి టేపుతో అంటించి వారం ఉంచండి. సోఫాలోంచి చూస్తే చిన్నదనిపిస్తే 16×48 ప్రయత్నించండి. వచ్చే పాఠం కాగితం ఎంపిక మీద కాబట్టి ఆ మూడు ప్రింట్లూ పారేయకండి.