పాత కళ్లజోడు ఫ్రేము: సెగ చూపే ముందు వాసన చూడండి

పాత ఫ్రేము చేతికి రాగానే చాలామంది కాడలు వంచి చెవులకు సరిచేసుకోబోతారు. యాభై అరవై ఏళ్లు నిలిచిన వస్తువు పుటుక్కున విరిగేది అప్పుడే. దేనితో చేసిందో తెలుసుకున్నాకే దాని మీద చెయ్యి వేయండి.

కాడ వంచితే పగులుతోంది

కాడను బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకోండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. దాని తయారీలో కర్పూరమే కలుపుతారు. ఇట్టే అంటుకునే పదార్థం కాబట్టి పొయ్యి దగ్గరికి కూడా తీసుకెళ్లవద్దు. పాత ఫ్రేములు బాగుచేసిన అనుభవం ఉన్న కళ్లద్దాల దుకాణంలోనే ఇవ్వండి.

వాసన లేకుండా, కాడ మధ్యలో సన్నటి లోహపు తీగ కనిపిస్తే చాలావరకు అసిటేట్ అనే ప్లాస్టికే. అద్దాలు తీసేసి, హెయిర్ డ్రయ్యర్ గాలి కింద కదుపుతూ మెత్తబడ్డాక నెమ్మదిగా వంచండి.

తీగ లేకుండా తేలిగ్గా ఉండి, లోపలివైపు ఆప్టిల్ అని ఉంటే అది ఎపాక్సీ రెసిన్ అనే మరో రకం ప్లాస్టిక్. కరేరా అనే కళ్లజోళ్ల కంపెనీని స్థాపించిన ఆస్ట్రియన్ విల్‌హెల్మ్ అంగర్ 1960లలో తెచ్చిన పదార్థమిది. ఆనాటి డియోర్ అనే ఫ్యాషన్ కంపెనీ ఫ్రేముల్లోనూ కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వంచితే విరుగుతుంది. బాగా వేడిచేసి వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. మళ్లీ వేడి తగిలితే పుట్టినప్పటి ఆకారానికే తిరిగి వెళ్తుంది. ఈ గుణం నాకెంతో ఇష్టం. తప్పుగా వంచినా దిద్దుకునే అవకాశం ఇస్తుంది.

తెల్లటి పొర, పుల్లటి వాసన

రెండు వేసవులు మూత తీయని రేకు డబ్బాలో ఉండిపోయిన నా తేనెరంగు ఫ్రేము, మడత దగ్గర పిండి చల్లినట్టు తెల్లబడింది. వేలికి జిడ్డుగా తగిలింది. మెత్తదనం కోసం అసిటేట్‌లో కలిపిన ప్లాస్టిసైజర్ అలా పైకి చెమరుస్తుంది. సబ్బునీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, మెత్తటి నూలుగుడ్డతో మెరుగుపెడితే పోయింది. గోళ్లరంగు తీసే ద్రవం మాత్రం వాడవద్దు, అందులోని అసిటోన్ ఫ్రేమునే కరిగిస్తుంది.

వెనిగర్ వాసన వస్తే విషయం వేరు. అసిటేట్ లోలోపల చెడిపోతూ ఆమ్లం వదులుతోందన్నమాట. దీనికి మందు లేదు. ఆ ఆవిరి పక్క ఫ్రేములనూ చెడగొడుతుంది కాబట్టి దాన్ని ఆ రోజే వేరుచేయండి. మిగిలినవాటిని ఉక్క లేనిచోట, గాలాడే అట్టపెట్టెలో ఉంచండి.

ముక్కు బిళ్లల దగ్గర పచ్చటి చిలుము

చెమట తగిలి, బంగారు పొర కింది లోహంలోని రాగి చిలుము పడుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. బిళ్లలు కొత్తవి వేయించండి. ఇత్తడి చెంబుకు చేసినట్టు చింతపండుతో తోమకండి. 1/10 12కె జీఎఫ్ (గోల్డ్ ఫిల్డ్, అంటే బంగారు పొర అతికించినది) అన్న గుర్తుంటే లోహం బరువులో పదో వంతు 12 క్యారెట్ల బంగారమే, అదంతా పైపొరలోనే ఉంటుంది.

జారిపోతోంది

బిళ్లలున్న లోహపు ఫ్రేమైతే వాటిని దగ్గరికి జరిపిస్తే సరిపోతుంది. బరువైన గాజు అద్దాలుంటే ప్లాస్టిక్‌వి వేయించుకోండి, పాతవి దాచండి. అసిటేట్‌లో ముక్కు వెడల్పు అంత సులువుగా మారదు. ఫ్రేము మీద 46, 24 అని అంకెలుంటే అద్దం వెడల్పు 46 మిల్లీమీటర్లు, రెండు అద్దాల మధ్య దూరం 24. మీరు రోజూ పెట్టుకునే జోడు అంకెలతో పోల్చి చూశాకే డబ్బు కట్టండి.