పుట్టకొక్కుల కాలం: వాంతులు ఆగాయని ఇంటికి వచ్చేయకండి

మృగశిర దాటి ఆరుద్ర కార్తె వచ్చింది. ఉరుములతో నాలుగు వానలు పడ్డాయి. రంపచోడవరం, మారేడుమిల్లి రోడ్ల పక్కన అడ్డాకుల్లో పుట్టకొక్కులు, అంటే చెదపుట్టల దగ్గర మొలిచే పుట్టగొడుగులు, కుప్పలు పోసి అమ్ముతున్నారు. శ్రావణం వస్తే నీచు మానేసేవాళ్లు కూడా వీటికోసమే ఎదురుచూస్తారు కాబట్టి ధర మటన్‌తో పోటీ పడుతుంది. నాకూ ప్రాణమే ఆ కూరంటే. తినొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు.

పోయిన ఆదివారం మా వీధిలో ఒక ఇంట్లో నలుగురు కొక్కుల కూర తిని, రెండు గంటలు తిరక్కుండానే వాంతులతో ఆస్పత్రిలో చేరారు. అదృష్టం, నలుగురూ క్షేమంగా ఉన్నారు. కానీ మర్నాడు పొద్దున్న చూడ్డానికి వెళ్తే ఆ ఇంటి పెద్దాయన, "విరేచనాలు కట్టుకున్నాయి తల్లీ, ఇంక ఇక్కడెందుకు, ఇంటికెళ్లిపోతాం" అన్నారు. నా గుండె జారిపోయింది. ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను.

ఏజెన్సీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నప్పుడు తొమ్మిదేళ్ల పాపను తీసుకొచ్చారు. రాత్రి అన్నంలో కూర తింది, తెల్లవారుజామున వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. సెలైన్ పెట్టాం. ఆ మర్నాటి సాయంత్రానికి లేచి కూర్చుని మజ్జిగన్నం అడిగింది. వాళ్ల నాన్న సంతోషపడి, కాగితం మీద సంతకం పెట్టి తీసుకెళ్లిపోయాడు. మేమూ గట్టిగా ఆపలేదు. నాలుగో రోజు మళ్లీ ఎత్తుకొచ్చేసరికి కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. సూది గుచ్చిన చోట దూది పెట్టి ఎంతసేపు నొక్కిపట్టినా రక్తం ఆగలేదు. పెద్దాస్పత్రికి పంపాం. పాప దక్కలేదు.

అందరూ చేసే తప్పు ఇదే. వాంతులు ఆగాయంటే విషం ఆగినట్టు కాదు.

పుట్టగొడుగుల వల్ల పోయే ప్రాణాల్లో ఎక్కువ భాగం అమానిటా అనే జాతి వల్లే. పొలుసుల గొడుగుతో ఉండే కొన్ని చిన్న రకాల్లోనూ అదే విషం ఉంటుంది. తిన్న 6 నుంచి 12 గంటల దాకా, ఒక్కోసారి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత ఒక రోజు వాంతులు, నీళ్ల విరేచనాలు. రెండో రోజో మూడో రోజో తగ్గినట్టే ఉంటుంది, ఆకలి కూడా వేస్తుంది. లోపల లివర్ మాత్రం పాడవుతూనే ఉంటుంది. కామెర్లు కనిపించేసరికి చాలా ఆలస్యమైపోతుంది. దీనికి కచ్చితంగా పనిచేసే విరుగుడు లేదు. తొందరగా వస్తే బొగ్గు మందు, సెలైన్, లివర్‌ను కాపాడే ఇంజెక్షన్లు ఇస్తారు. మరీ చేయి దాటితే లివర్ మార్పిడే. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల్లోనే 13 మంది చనిపోయారు. చాలామంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లు. వాళ్లలో ఏళ్ల తరబడి ఏరుకుని తిన్నవాళ్లూ ఉంటారు కదా.

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. తిన్న గంట, రెండు గంటల్లో వాంతులైతే చాలావరకు కడుపు గడబిడతోనే పోతుంది. ఆరు గంటలు దాటాక మొదలైతే అది ప్రాణం మీదకు వచ్చే రకం కావచ్చు. అయితే ఒకే కూరలో రెండు రకాలు కలిస్తే ఈ లెక్కా పనిచేయదు. తొందరగా కక్కించేది ఒకటి, నెమ్మదిగా చంపేది ఇంకొకటి ఉండొచ్చు. మొదటిది తగ్గగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మా వీధివాళ్లు కొన్నది కూడా నలుగురు ఏరినవి ఒకే బుట్టలో కలిపేసిన సరుకే.

<b>ఏరేటప్పుడు</b>

కాడ తెంపకండి. నేను చూసినవాళ్లలో సగం మంది పుటుక్కున తుంచి బుట్టలో వేసేస్తారు. అలా తుంచితే దాని గుట్టు మట్టిలోనే ఉండిపోతుంది. పక్కన మట్టిని వేళ్లతోనో కర్రతోనో తవ్వి మొత్తం తీయండి. అసలు పుట్టకొక్కు చెదల గూడు నుంచి వస్తుంది. అందుకే కాడ కింద సన్నబడుతూ తోకలాగా జానెడు లోతుకు, ఒక్కోసారి ఇంకా లోతుకు దిగి ఉంటుంది. గొడుగు నడినెత్తిన మొనదేలిన బుడిపె ఉంటుంది. తోక లేకుండా, కాడ మొదలు ఉబ్బి, పగిలిన గుడ్డు పెంకులాంటి గిన్నెలో కూర్చుని ఉంటే అది అమానిటా కావచ్చు. అక్కడే వదిలేయండి, చేతులు కడుక్కోండి. గుంపులుగా, బియ్యం చల్లినట్టు వచ్చే చిన్న రకానికి ఈ తోక ఉండదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏరుతున్నవాళ్లు పక్కన ఉంటేనే వాటిని ముట్టుకోండి.

విచ్చుకోని మొగ్గలు రుచిగా ఉంటాయి నిజమే. కానీ మొగ్గలోనే తేడా తెలియదు. తెలియనివాళ్లు మొగ్గల జోలికి పోవద్దు.

పెంటకుప్పల పక్కన, పశువుల కొట్టాల దగ్గర, పచ్చికలో పళ్లెమంత పెద్దగా, తెల్లగా, మధ్యలో గోధుమరంగు పొలుసులతో, కాడకు ఉంగరంతో వచ్చేది ఒకటుంది. లేతగా ఉన్నప్పుడు అడుగు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరితే ఆకుపచ్చకు తిరుగుతాయి. మన దగ్గర వాంతులతో ఆస్పత్రికి తెచ్చేది చాలాసార్లు ఇదే. అనుమానం ఉంటే గొడుగును తెల్ల కాగితం మీద బోర్లించి రాత్రంతా ఉంచండి. పొద్దున కాగితం మీద ఆకుపచ్చ పొడి పడితే పారేయండి. పడకపోతే మంచిదని మాత్రం అర్థం కాదు.

<b>వంటింట్లో</b>

వెండి చెంచా నల్లబడకపోతే మంచివే అంటారు. వెల్లుల్లి రంగు మారాలంటారు, పసుపు మారాలంటారు, పురుగు తిన్నవి మనమూ తినొచ్చంటారు. ఇవన్నీ తప్పు. ఒక్కటీ పనిచేయదు. అమానిటా విషం ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు, ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. చింతపండు పులుసు పోస్తే విరిగిపోతుందని మా అత్తయ్య కూడా నమ్మేది. పోదు.

ఇంక వరసగా చెప్పేస్తాను:

- ఎవరు ఏరారో తెలియని బుట్ట కొనకండి.
- రకాలు కలిపిన బుట్ట అసలే కొనకండి.
- ఫోన్‌లో ఫొటో తీసి యాప్‌నో, వాట్సాప్ గ్రూపునో అడిగి తినకండి. మట్టిలో ఉన్న గిన్నె ఫొటోలో కనబడదు.
- పత్తి, మిర్చి చేల గట్ల మీదవి, హైవే పక్కవి వద్దు. కొట్టిన మందును, పడిన పొగను పుట్టగొడుగు పీల్చుకుంటుంది.
- ప్లాస్టిక్ కవర్లో తేకండి. ఇల్లు చేరేలోపే చెమర్చి కుళ్లిపోతాయి.
- పుట్టలో చెయ్యి పెట్టకండి.
- పిల్లలను ఒంటరిగా ఏరుకు రమ్మని పంపకండి.
- ఐదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు అడవి కొక్కుల కూర పెట్టకండి.
- కొత్త చోట ఏరినవి ఇంటిల్లిపాదీ ఒకే పూట తినకండి.
- కల్లు, సారా ఆ రోజు వద్దు. కొన్ని రకాలకు మందు తోడైతేనే విషం.
- వండే ముందు రెండు మూడు కొక్కులను తోకతో సహా కాగితంలో చుట్టి పక్కన పెట్టండి. ఏదైనా అయితే డాక్టర్‌కు చూపించాలి. కూర మిగిలితే అదీ పారేయకండి.
- కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరకు వెళ్లిన అమ్మానాన్నలకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. అక్కడ ఓక్ చెట్ల కింద వచ్చే డెత్ క్యాప్ అనే అమానిటా రకం మొగ్గగా ఉన్నప్పుడు మన వరిగడ్డి పుట్టగొడుగులాగే ఉంటుంది. అక్కడ పార్కులో ఒక్కటి కూడా కోయవద్దు.
- వాంతులైతే ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. నాటు మందు పోయకండి. 108కి ఫోన్ చేయండి.
- కూర తిన్నవాళ్లందరూ వెళ్లాలి. బాగానే ఉన్నవాళ్లు కూడా.
- ఎన్ని గంటలకు తిన్నారో, ఎన్ని గంటలకు మొదటి వాంతి అయిందో కాగితం మీద రాసి ఇవ్వండి. డాక్టర్ అడగకపోయినా ఇవ్వండి.
- లివర్ పరీక్ష, రక్తం గడ్డకట్టే పరీక్ష, కిడ్నీ పరీక్ష చేయమని నోరు తెరిచి అడగండి. ఒక్కసారి కాదు, కనీసం మూడు రోజులు రోజూ.
- పాప లేచి కూర్చుందని, అన్నం అడిగిందని ఇంటికి తీసుకురాకండి.
- ఇంటి దగ్గర పశువులున్నాయి, నాట్లున్నాయి అని సంతకం పెట్టకండి. నాట్లు పక్కింటివాళ్లు వేస్తారు.
- వాంతులు ఆగాయా? అయినా మంచం దిగకండి. మూడో రోజు లివర్ రిపోర్టు డాక్టర్ చేతికి వచ్చి, ఆయన చూసి, ఇంక వెళ్లొచ్చని చెప్పాకే చెప్పులు వేసుకోండి.