బీప్ కొట్టి ఊరుకున్న డెస్క్‌టాప్: నా అనుభవం

కావలిలో మా ఇంటి డెస్క్‌టాప్ పోయిన వారం మొండికేసింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. లోపల్నుంచి ఆగి ఆగి పొడుగాటి బీప్. చాలా మదర్‌బోర్డుల్లో ఆ కూత వస్తే ముందు ర్యామ్‌నే, అంటే మెమరీ ముక్కల్నే అనుమానించాలి. షాపులో అడిగితే చూడకుండానే బోర్డు మార్చాలన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు.

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకున్నాను. రెండు 4 జీబీ ర్యామ్‌లూ తీస్తే, బంగారు రంగు అంచులు మసకబారి ఉన్నాయి. ఈ సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి, ఇవెంత! మా పాప రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు మిగలకుండా బ్రష్‌తో దులిపాను.

ఒక్కటే పెట్టి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాను. బూట్ అయింది! రెండోది కూడా పెడితే మళ్లీ బీప్. స్లాటు తేడానేమోనని మంచిదాన్ని ఆ స్లాటులోకి మార్చి చూశాను, బాగానే లేచింది. అంటే పోయింది ఆ రెండో ముక్కే.

మంచిదాని మీద రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్ నడిపాను, ఒక్క ఎర్రర్ లేదు. మా బోర్డుకి పట్టేది డీడీఆర్3 రకం ర్యామ్, ఇప్పుడు అలాంటి ఇంకో ముక్క కోసం వెతుకుతున్నాను. దాని తర్వాతి రకం డీడీఆర్4కి గాటు వేరేచోట ఉంటుంది, ఇందులో పట్టదు.