రాజుల ఉత్తరాలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: దస్తూరి ఎవరిది, వ్రాలు ఎవరిది?

పోయిన పాఠంలో కాగితం చూశాం. విక్టోరియా రాణి ఉత్తరాలకు చుట్టూ నల్ల అంచు ఎందుకు ఉంటుందో చెప్పుకున్నాం. 1861 డిసెంబరు 14న భర్త ఆల్బర్ట్ పోయిన తరువాత, 1901 జనవరిలో తను కన్నుమూసేదాకా ఆవిడ ఆ అంచు వదల్లేదు. మన శుభలేఖకు నాలుగు మూలలా పసుపు చూడగానే ఎలాంటి కబురో తెలిసిపోయినట్టే, అక్కడ ఆ నల్ల గీత చూడగానే తెలిసిపోతుంది.

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. 1869 తేదీ వేసి, కింద ‘వి.ఆర్.ఐ.’ అని సంతకం ఉన్న ఉత్తరాన్ని నమ్మొచ్చా అని అడిగాను. నమ్మకూడదు. ఆ ‘ఐ’ అంటే ఇంపరాట్రిక్స్, చక్రవర్తిని. బిరుదు చట్టం వచ్చింది 1876లో, ఢిల్లీ దర్బారులో ప్రకటన జరిగింది 1877 జనవరి 1న. అంతకుముందు ఆవిడ ‘వి.ఆర్.’ మాత్రమే, అంటే విక్టోరియా రెజీనా, విక్టోరియా రాణి. అయితే ఈ పరీక్ష ఒకవైపే పనిచేస్తుంది. 1885 నాటి ఉత్తరంలో ‘ఐ’ లేదని దాన్ని దొంగది అనలేం.

ఇక ఈ పాఠం. నా ఉద్దేశంలో మొత్తం పాఠాల్లోకీ ఇదే ముఖ్యం, తొందరపడకండి.

మన పాత దస్తావేజులు, ప్రామిసరీ నోట్లు చూసినవాళ్ళకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. కాగితం చివర రాయించి ఇచ్చినవాళ్ళ వ్రాలు, అంటే సంతకం, ఉంటుంది. పక్కనే ‘దస్తూరి’ అని, ఆ కాగితం రాసినవాడి పేరు ఉంటుంది. రాసిన చెయ్యి వేరు, సంతకం పెట్టిన చెయ్యి వేరు అని మన పెద్దవాళ్ళు కాగితం మీదే ఒప్పుకుని రాసేవారు. రాజుల ఉత్తరాల్లో ఈ తేడా ఉంటుంది కానీ, పైకి ఎవరూ రాసిపెట్టరు. మనమే పట్టుకోవాలి. ధర, చారిత్రక విలువ రెండూ దీని మీదే ఆధారపడతాయి.

దస్తూరి, వ్రాలు రెండూ రాజువే అయితే అది స్వహస్తలేఖ. కార్యదర్శి రాసి రాజు సంతకం చేస్తే అది సంతకం ఉన్న లేఖ, అంతే. మూడోది రెండూ రాజువి కానిది. మొత్తం అచ్చు. చూడటానికి మాత్రం చేత్తో రాసినట్టే ఉంటుంది.

మొదటి రెండింట్లో విక్టోరియా మనల్ని బాగా తికమక పెడుతుంది. గ్లాడ్‌స్టన్, డిజ్రేలీ లాంటి మంత్రులకు రాసేటప్పుడు ఆవిడ ‘నేను’ అనదు. ‘రాణికి మీ ఉత్తరం అందింది, రాణి ఇలా అనుకుంటోంది’ అని రాస్తుంది. కొత్తగా చూసేవాళ్ళు ఇది ఎవరో కార్యదర్శి రాశాడనుకుంటారు. పైగా అలాంటి ఉత్తరాలకు చాలావాటికి కింద సంతకమే ఉండదు. ‘రాణి’ అని పైనే అన్నాక మళ్ళీ పేరు ఎందుకు? కాబట్టి వ్రాలు లేకుండానే దస్తూరి అంతా రాణిది అయిన ఉత్తరాలు ఉన్నాయి. సంతకం కోసం మాత్రమే వెతికేవాడు వాటిని పక్కన పడేస్తాడు. నాకు ఇది తలుచుకుంటేనే బాధగా ఉంటుంది.

మరి ఎలా గుర్తుపట్టాలి? ఆవిడ అలవాట్లు చూడండి. మాట మీద నొక్కి చెప్పాలంటే కింద గీత గీస్తుంది, కోపం ఎక్కువైతే రెండు గీతలు. ఇంగ్లీషులో ‘విచ్’ (which) అనే మాటకు మొదటి రెండక్షరాలే (wh) రాసి వదిలేస్తుంది. ‘వెరీ’ (very)లో మొదటి అక్షరం, చివరి అక్షరం (vy) మిగులుతాయి. కార్యదర్శి ఇలా రాయడు, వాడి పని శుభ్రంగా రాయడం. 1870 నుంచి 1895 దాకా ఆ పని చేసింది హెన్రీ పాన్సన్‌బీ. 1890లలో ఆవిడకు చూపు బాగా తగ్గింది. అప్పటినుంచి కూతురు బియాట్రిస్, కొలువులోని ఆడవాళ్ళు రాణి చెబుతుంటే రాసిపెట్టేవారు. అందుకని 1890ల ఉత్తరం చేతికొస్తే, ‘నేను’ అని ఉన్నా సరే, దస్తూరి విషయంలో తొందరపడకండి.

సైన్యంలో ఆఫీసర్లకిచ్చే కమిషన్ పత్రాల గురించి ఒక్క మాట. వీటిలో సంతకం పైన ఉంటుంది, కింద కాదు. వీటన్నిటికీ రాణి చేత్తో సంతకం చేయనక్కర్లేకుండా 1862లోనే చట్టం చేశారు. ‘రాణి సంతకం’ అని అమ్మకానికి పెట్టిన కమిషన్ పత్రం మీద ఉన్నది ముద్ర కావచ్చు.

ఇప్పుడు మూడో రకం. దీని దగ్గర నేనే మోసపోయాను.

చాలా ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక ఆదివారం సంతలో బ్రిటన్ రాజు ఐదో జార్జి ఉత్తరం కొన్నాను. పైన బకింగ్‌హామ్ ప్యాలెస్, 1918. కింద ‘జార్జ్ ఆర్.ఐ.’, అంటే జార్జి, రాజు, చక్రవర్తి. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువులకు బందీగా చిక్కి తిరిగొస్తున్న సైనికుడికి, ‘రాణీ నేనూ మీకు స్వాగతం చెబుతున్నాం, మీరు ఎన్నో కష్టాలు ఓర్చుకున్నారు’ అని రాజు రాసిన ఉత్తరం. చదివితే గుండె కదిలింది. రాజు ఎవరో ఒక మామూలు సిపాయికి కూర్చుని రాశాడు కదా అనుకున్నాను. అమ్మినవాళ్ళు చేతిరాత అనే చెప్పారు. ఇంటికొచ్చి పది రెట్ల భూతద్దం పెట్టాక చెమటలు పట్టాయి. అది లిథో అచ్చు, అంటే చేతిరాతను ఉన్నదున్నట్టు దించి తీసే అచ్చు. రాజు ఒక్క ఉత్తరం రాస్తే దాన్ని వేలకొద్దీ అచ్చువేసి, విడుదలై వచ్చినవాళ్ళందరికీ పంచారు. ఆ ఏడాదే అమెరికా సైనికులకూ విండ్సర్ కోట పేరుతో ఇలాగే ఇంకో ఉత్తరం పంచారు. ఈ రెండూ ఇప్పటికీ ‘రాజు స్వదస్తూరి’ పేరుతో చేతులు మారుతూనే ఉన్నాయి.

భూతద్దంలో నేను చూసింది ఇది. మీరు కూడా ఇదే వరసలో చూడండి.

ముందు ఒక గీత మీద ఇంకో గీత దాటే చోటు వెతకండి. పాళీతో రాస్తే అక్కడ సిరా రెండుసార్లు పడుతుంది, ఆ చుక్క ముదురుగా కనిపిస్తుంది. నా ఉత్తరంలో అన్నిచోట్లా ఒకటే నలుపు. తరువాత కిందికి లాగిన లావు గీతలు చూడండి. ఒత్తిడికి పాళీ చీలిక విచ్చుకుంటుంది కాబట్టి, గీత రెండు అంచులూ ముదురుగా, మధ్యలో కాస్త పలచగా ఉంటుంది. నీళ్ళు పారే కాలవకు రెండు గట్లు ఉన్నట్టు. అచ్చులో గట్లు ఉండవు. మూడోది సిరాబుడ్డి గుర్తు. ముంచి రాసిన కలం నాలుగైదు మాటలకు పలచబడుతుంది, మళ్ళీ ముంచగానే ఒక్కసారిగా ముదురుతుంది. వరస మొత్తం చదువుతూ పోతే ఆ ఊపిరి తెలుస్తుంది. అచ్చుకు ఊపిరి లేదు.

చివరగా కాగితాన్ని వెనక్కి తిప్పి, పక్క నుంచి టార్చిలైటు నేలబారుగా కొట్టండి. పాళీ నొక్కిన చోట్ల సన్నని గట్లు నీడలతో లేస్తాయి. వేలితో తడమొద్దు, చెమట మరక పడుతుంది. ఆ కాలపు ఇనుప సిరా (ఇనుప లవణం కలిపి చేసిన సిరా) అయితే గోధుమరంగుకు తిరిగి, ఒక్కోచోట కాగితం వెనక్కి కూడా దిగి ఉంటుంది. కొన్ని ఉత్తరాల్లో అది కాగితాన్నే తినేస్తుంది. అలాంటిది కనిపిస్తే మడత విప్పడం ఆపేయండి.

ఆ జార్జి ఉత్తరాన్ని నేను పారేయలేదు. అచ్చయినా, దాన్ని ఇంటికి తెచ్చుకుని దాచుకున్న సిపాయి నిజం. మడత దగ్గర నాలుగుసార్లు అరిగిపోయి ఉంది. అదీ చరిత్రే. ధర వేరు, పేరు వేరు, అంతే.

అభ్యాసం. రాజు ఉత్తరం దొరికేదాకా ఆగక్కర్లేదు. ఇంట్లో బీరువాలో తాతగారి ప్రామిసరీ నోటో, పొలం దస్తావేజో ఉంటుంది. పెద్దవాళ్ళను అడిగి తీసుకోండి. దస్తూరి పేరు ఎక్కడుందో, వ్రాలు ఎక్కడుందో చూసి, రెంటిలో ఒకే అక్షరం, ఉదాహరణకు ‘ర’, ఎలా రాశారో భూతద్దంలో పోల్చండి. గీతలు దాటే చోట్లు మూడు వెతకండి. తరువాత అదే కాగితం జిరాక్సు తీసి, అవే మూడు చోట్లు మళ్ళీ చూడండి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఏం కనిపించిందో నోటుబుక్కులో రాసుకోండి.

వచ్చే పాఠానికి ఆ నోటుబుక్కు దగ్గర ఉంచుకోండి. ఉత్తరం వెనక వైపు అందుకున్నవాళ్ళు రాసిపెట్టుకునే చిన్న గుర్తులతో మొదలుపెడదాం.