మనుమలకు నీళ్లు నేర్పడం: ఒడ్డు నుంచి పుట్టి దాకా

ఎండాకాలం సెలవులకు పట్నం నుంచి మనుమలు రాగానే అడిగేది చెరువు సంగతే. సోమశిల వైపో, సాగర్ వైపో చుట్టాలుంటే పుట్టి, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, ఎక్కుతామని పట్టుబడతారు. వద్దనడం తేలికే. కాని వద్దని ఊరుకుంటే, పెద్దలు కునుకు తీసిన మధ్యాహ్నం తామే పోతారు. నేర్పడమే మేలు. వరుస మాత్రం తప్పొద్దు: ముందు ఒడ్డు, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే పుట్టి. తెడ్డు వేయడం పిల్లలకు గంటలో పట్టుబడుతుంది. పుట్టి బోర్లా పడితే ఏం చేయాలన్నది మాత్రం ముందుగా చేయించి చూపితేనే వస్తుంది.

ముందు ఒడ్డు

పిల్లలను దించే చోటు ఒకరోజు ముందే, వాళ్లు లేకుండా పోయి చూసుకోండి. ఆరడుగుల వెదురు కర్రతో అడుగడుగునా గుచ్చి లోతు చూడాలి. కింద గట్టి నేల ఉండాలి, వాలు నిదానంగా దిగాలి, పిల్లల నడుము దాటని నీళ్లు కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. అంతవరకే హద్దు అని రెండు కర్రలు పాతి తాడు కట్టండి.

మన చెరువుల్లో లోతుకన్నా గుంతలే ఎక్కువ ప్రమాదం. పొలాలకో, ఇటుక బట్టీలకో జేసీబీతో మట్టి తీసుకుపోయిన చోట అంచు నిలువుగా తెగి ఉంటుంది. వానలకు చెరువు నిండితే పైనుంచి ఏమీ కనబడదు. మోకాళ్ల లోతులో నడుస్తున్న పిల్లవాడు మరుసటి అడుగుకే రెండు నిలువుల లోతులో ఉంటాడు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గినప్పుడు మనుమలను కట్ట మీద నిలబెట్టి ఆ గుంతలు చూపించండి. ఒకసారి కళ్లతో చూసిన గుంతను పిల్లలు మర్చిపోరు.

తూము తెరిచి ఉంటే దాని ముందు నీళ్లు పైకి నిమ్మళంగానే కనబడతాయి, లోపల గుంజుతాయి. పిల్లల కాలు అందులో పడితే పెద్దవాళ్ల బలానికి కూడా తిరిగి రాదు. తూముకు, అలుగుకు దూరంగా ఉండే చోటే చూసుకోండి. అలుగు రాళ్ల మీద పాచి ఉంటుంది కాబట్టి పారే అలుగు దాటడం, ఫోటోలకు నిలబడడం రెండూ వద్దు. గుర్రపుడెక్క పరుచుకున్న చోటు, చేపల వలలు కట్టిన చోటు కూడా వదిలేయండి. వలలో కాలు చిక్కితే ఈత వచ్చినవాళ్లూ మునుగుతారు.

బావిలో నేర్పే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బావిలో మోటారు ఉంటే స్టార్టర్ ఆపితే చాలదు, మెయిన్ తీసేసిన తర్వాతే దిగాలి. తెగిన వైరు నుంచి నీళ్లలోకి వచ్చిన కరెంటు కంటికి కనబడదు. అడుగున మెట్లు లేని బావి పిల్లలకు పనికిరాదు, అలిసిపోయినవాడికి నిలబడే చోటు ఉండదు.

కృష్ణ నది సంగతి వేరు. జూరాల దిగువన, సాగర్ దిగువన కరెంటు తయారీకి నీళ్లు వదిలినా, గేట్లు ఎత్తినా, మన ఊళ్లో చుక్క వాన లేకపోయినా నది పెరుగుతుంది. వాన పడేది మహారాష్ట్రలో, కర్ణాటకలో. మూసీ కూడా అంతే: హైదరాబాద్‌లో గట్టి వాన పడితే మరునాడు సూర్యాపేట వైపు నది రంగు మారుతుంది. డ్యాం దిగువన రాళ్ల మధ్య పిల్లలను ఆడించొద్దు. సైరన్ వినబడితే చెప్పులు, బట్టలు, ఫోను ఏదీ ఏరుకోకుండా పైకి ఎక్కాలి. ఈ మాట ఆటలా రెండు మూడు సార్లు చేయించండి.

సాగర్ ఎడమ కాలువలోకి పిల్లలను అసలు దించొద్దు. సిమెంటు గోడ వాలుగా, పాచిపట్టి ఉంటుంది, చేతికి ఏమీ దొరకదు. ఎవరైనా పడితే ప్రవాహానికి ఎదురీదకూడదు. వెల్లకిలా తేలి, కాళ్లు ముందుకు పెట్టి, నీళ్లతో పాటే పోతూ మెట్లున్న వైపుకు ఐమూలగా జరగాలి.

చూసే మనిషి

పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్దమనిషి పని చూడడమే. ఫోను పట్టొద్దు, బీడీ ముట్టించొద్దు, ఒడ్డున ముచ్చట పెట్టొద్దు. 'నేను చూస్తున్న' అని నోటితో చెప్పి పని తీసుకోవాలి, 'నువ్వు చూడు' అని మరొకరికి అప్పజెప్పాకే పక్కకు పోవాలి. అందరూ ఉన్నారులే అనుకున్న చోటే ఎవరూ చూడరు. ఆరేళ్లలోపు పిల్లలు చేయి చాస్తే అందేంత దగ్గర ఉండాలి. తాత ఒక్కడే ఉంటే ఇద్దరిని మించి దించొద్దు.

ఈత రాని అమ్మమ్మ, నానమ్మ కూడా కాపలా ఉండొచ్చు, విసరడానికి వస్తువు దగ్గర ఉంటే చాలు. ఖాళీ 5 లీటర్ల నూనె డబ్బా తీసుకుని పావు లీటరు నీళ్లు పోసి మూత గట్టిగా బిగించండి. ఆ నీళ్లు లేకపోతే డబ్బా గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. పిడికి 15 మీటర్ల తాడు కట్టండి. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది, నైలాన్ మునుగుతుంది, కొనేటప్పుడు బకెట్లో వేసి చూసుకోండి. విసిరేటప్పుడు మనిషి మీదికి కాకుండా భుజం దాటి అవతల పడేలా విసిరితే గుంజేటప్పుడు తాడు చేతికి తగులుతుంది. దీన్ని మనుమలకూ నేర్పండి, కట్ట మీద గీత గీసి పోటీ పెడితే విసుగు లేకుండా చేస్తారు. తోటి పిల్లవాడు మునుగుతుంటే దుంకొద్దు, కేక వేయాలి, విసరాలి, పెద్దలను పిలవాలి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయేది ఈ ఒక్క మాట తెలియకనే.

నీళ్లు, జాకెట్

లైఫ్ జాకెట్ వయసు చూసి కాదు, లోపల రాసిన కిలోల లెక్క చూసి కొనాలి. 'రేపు పెరుగుతాడు' అని పెద్దది కొంటే నీళ్లలో జాకెట్ పైకి తేలుతుంది, పిల్లవాడు కిందికి జారతాడు. అన్ని బకిళ్లు పెట్టి, భుజాల దగ్గర పట్టి పైకి లేపండి. జాకెట్ గదవ దాటి చెవుల దాకా వస్తే అది పనికిరాదు. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోండి. లోపలి ఫోమ్ నొక్కితే తిరిగి లేవాలి. కూర్చునే మెత్తగా వాడిన పాత జాకెట్లలో అది అట్టలా అణిగిపోతుంది.

బెండ్లు, సొరకాయ బుర్ర, డబ్బా కట్టి ఈత నేర్పే పద్ధతి మంచిదే, కాని పెద్దమనిషి పక్కన ఉన్నంతసేపే. వెనక నడుముకు కట్టినది నడుమును లేపుతుంది, అలిసిన పిల్లవాడి ముఖం నీళ్లలోకి వంగుతుంది. బండి టైరు ట్యూబులోంచి పిల్లలు జారిపోతారు. పుట్టిలో మాత్రం ఇవేవీ కాదు, జాకెట్టే.

నడుము లోతులో రోజుకు అరగంట, ఉదయం 9 లోపు ముగించండి. మొదట నోటితో నీళ్లలో బుడగలు ఊదించాలి. ముక్కులోకి నీళ్లు పోతే బెదరకుండా ఉండడం అక్కడే వస్తుంది. తర్వాత వెల్లకిలా తేలడం: మీ అరచేయి తల కింద, ఇంకోటి నడుము కింద పెట్టి, చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చమనండి. తల పైకెత్తితే నడుము కుంగుతుంది, అందుకే చాలామంది తేలలేరు. 20 అంకెలు లెక్కపెట్టేంతసేపు చేయి లేకుండా తేలితే మూడో పని: నీళ్లలోకి దుంకి, వెనక్కి తిరిగి, ఒడ్డు పట్టుకుని ఎక్కడం. నాలుగు రోజులు బనీనుతో చేయించి, ఒకరోజు చొక్కా, ప్యాంటుతో చేయించండి. ప్రమాదం ఈత బట్టల్లో రాదు. ఈ మూడూ వచ్చాకే పుట్టి.

పుట్టి

పుట్టి మీది కాకపోతే పుట్టి మనిషిని తోడు తీసుకోండి, ఆ నీళ్లు ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియవు. ఎక్కే ముందు అడుగు తడిమి చూడండి. వెదురు విరిగిన చోట, పైన వేసిన కవరు, తారు ఊడిన చోట నీరు ఊరుతుంది. నీళ్లు తోడడానికి ఒక మగ్గు తాడుతో కట్టి ఉంచండి.

పుట్టికి ముందు వెనక లేదు, అంచు మీద బరువు పడితే అటే ఒరుగుతుంది. ఒకరి తర్వాత ఒకరు, ముందు పెద్దలు, పాదం సరిగ్గా నడిమధ్యలో పెట్టి వెంటనే కూర్చోవాలి. బరువులు ఎదురెదురుగా సర్దండి: ఇటు తాత ఉంటే అటు ఇద్దరు పిల్లలు. అందరూ కూర్చున్నాక అంచుకు, నీటికి మధ్య జానెడు మిగలకపోతే ఒకరు దిగాలి.

మొదటి రెండు రోజులు ఒడ్డు మీద చెట్టుకు పొడుగు తాడు కట్టి, ఛాతీ లోతు దాటకుండా తిప్పండి. పిల్లలు పక్కకు తెడ్డు వేస్తారు, పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. పోవాల్సిన వైపు ముఖం పెట్టి మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును ముందుకు చాపి నిలువుగా ముంచి తమ వైపు గుంజుకోవాలి. ఒకసారి కొంచెం కుడికి, ఒకసారి ఎడమకు ముంచితే తిన్నగా పోతుంది. తెడ్డు చేయి జారితే వంగి అందుకోబోవద్దు, తాడుతో కట్టి ఉంచితే ఆ తిప్పలే ఉండదు.

తర్వాత అదే లోతులో, జాకెట్లతో, కావాలనే బోర్లా వేయండి. నేర్పాల్సింది ఒక్కటే: పైకి రాగానే పుట్టి అంచు పట్టుకోవాలి, ఒడ్డు దగ్గరగా కనబడినా ఈదుకుంటూ పోవద్దు. నీటి మీద దూరం కంటికి తక్కువగా కనబడుతుంది. బోర్లా పడ్డ పుట్టి తేలుతూనే ఉంటుంది, వెతికేవాళ్లకూ మనిషి తలకన్నా అదే ముందు కనబడుతుంది. పుట్టి కింద పడ్డవాళ్లు అంచు తడిమి బయటికి రావడం కూడా చేయించండి.

మే, జూన్‌లలో మధ్యాహ్నం దాటాక గాలిదుమారం లేస్తుంది. సోమశిల లాంటి వెడల్పు నీళ్లలో చూస్తుండగానే అలలు వస్తాయి. పడమట దుమ్ము లేచినా, ఉరుము వినబడినా ఒడ్డుకు రండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగొద్దు.

సాగర్ లాంచీల్లో కూడా జాకెట్ ముందు తొడిగాకే ఎక్కించండి, మూలన కుప్ప పోసిన జాకెట్లు మునిగేటప్పుడు అందవు. ఫోటో కోసం అందరూ ఒక పక్కకు పోతుంటే మీ పిల్లలను నడిమధ్యలో కూర్చోబెట్టుకోండి.

మునిగేవాళ్లు ఎలా ఉంటారు

కేకలు వేస్తారని, చేతులు ఊపుతారని అనుకుంటాం. ఊపిరే అందనివాడికి కేక రాదు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున మునిగి తేలుతూ, చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతూ, నిచ్చెన ఎక్కుతున్నట్టు కనబడతారు. ఒక నిమిషం కూడా పట్టకుండానే మునిగిపోతారు. అల్లరి చేసే పిల్లల గొంతు ఒక్కసారిగా ఆగితే వెంటనే చూడాలి.

బయటికి తీశాక తల మీద పెట్టుకుని తిప్పడం, కడుపు నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం మన దగ్గర ఇంకా చేస్తున్నారు. వాటితో కడుపులోని నీళ్లు, తిన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టండి, ఒకరు 108కి ఫోను చేయాలి. ఊపిరి లేకపోతే గదవ పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేలా 5 సార్లు ఊదండి. అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ నడిమధ్య 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 లెక్కన నొక్కాలి. లేచి కూర్చుని మాట్లాడినా ఆ రోజే దవాఖానకు తీసుకుపోండి, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా ముదరొచ్చు.